మొత్తం సరిపోయింది, లెక్క తప్పింది: పిల్లల ఆరోగ్య బీమా విస్తరణపై ఒక ఫిస్కల్ నోట్ కేస్ స్టడీ

అమెరికాలోని ఒక రాష్ట్ర శాసనసభకు అనుబంధంగా ఉన్న బడ్జెట్ విశ్లేషణ కార్యాలయంలో నేను చాలాకాలం పనిచేశాను. ఏ బిల్లు అయినా కమిటీ ముందుకు వచ్చేలోపు దానివల్ల ఖజానా మీద పడే భారం ఎంతో చెప్పే ఫిస్కల్ నోట్ రాయడం మా పని. పిల్లల ఆరోగ్య బీమా అర్హతను ఫెడరల్ దారిద్ర్యరేఖకు 200 శాతం నుంచి 300 శాతానికి పెంచే బిల్లు మీద 2009 వసంతంలో నేనొక నోట్ రాశాను. మొదటి సంవత్సరం ముగిసేసరికి అసలు ఖర్చు నా అంచనాకు దాదాపు సరిగ్గా వచ్చింది. మెచ్చుకున్నవారూ ఉన్నారు. అయితే ఆ అంచనా లోపల ఉన్న లెక్క తప్పని, అంకెలు కలవడం కేవలం యాదృచ్ఛికమని నాకు తెలియడానికి మరికొన్ని నెలలు పట్టింది. ఈ కేసు రాయడానికి కారణం అదే.

రాష్ట్రం పేరు చెప్పడం లేదు. ఆ రాష్ట్రానికి సంబంధించిన అంకెలను కూడా గుండ్రంగా సవరించి, నిష్పత్తులు మాత్రం చెడకుండా ఇస్తున్నాను కాబట్టి, వాటిని ఉదాహరణ అంకెలుగానే చదవాలి. ఫెడరల్ చట్టాలు, రేట్లు, తేదీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి.

నేపథ్యం

చిప్ అని పిలిచే పిల్లల ఆరోగ్య బీమా కార్యక్రమం 1997 ఆగస్టులో బ్యాలెన్స్‌డ్ బడ్జెట్ చట్టంలో భాగంగా పుట్టింది. పేదల కోసం ఫెడరల్, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి ఖర్చు భరించే ఆరోగ్య బీమా మెడికెయిడ్. దానికి అర్హత లేనంత ఆదాయం ఉండి, ప్రైవేటు బీమా కొనుక్కోలేని కుటుంబాల పిల్లల కోసం దాన్ని ఏర్పాటు చేశారు. ఖర్చు పంచుకునే పద్ధతిలో రెండు కార్యక్రమాలకూ ఉన్న తేడాయే ఈ కేసుకంతటికీ మూలం. మెడికెయిడ్‌లో ఫెడరల్ ప్రభుత్వం తలసరి ఆదాయాన్ని బట్టి ఒక్కో రాష్ట్రానికి ఒక్కో శాతం భరిస్తుంది, సంపన్న రాష్ట్రాలకు అది కనిష్ఠంగా 50 శాతం. చిప్‌లో రాష్ట్రం మోయవలసిన వాటాను మరో 30 శాతం తగ్గిస్తారు. అంటే మెడికెయిడ్‌లో డాలరుకు 50 సెంట్లు పెట్టే రాష్ట్రం చిప్‌లో 35 సెంట్లు పెడితే చాలు. దీనికి ప్రతిగా మెడికెయిడ్‌కు లేని ఒక కట్టుబాటు చిప్‌కు ఉంది: ఏటా రాష్ట్రానికి వచ్చే ఫెడరల్ సొమ్ముకు పైపరిమితి ఉంటుంది. ఆ పరిమితి ఎంత మొండిదో 2002 నుంచి 2004 దాకా రాష్ట్రాలు చూశాయి. నమోదు పెరుగుతున్న ఆ మూడేళ్లలోనే దేశం మొత్తానికి కేటాయింపు 4 బిలియన్ డాలర్లు దాటిన స్థాయి నుంచి 3.15 బిలియన్లకు పడిపోయింది. అది ఎవరూ కావాలని చేసిన కోత కాదు, 1997లో పదేళ్ల బడ్జెట్‌ను సమతూకంలో చూపించడానికి రాసుకున్న అంకెల ఫలితం.

మా రాష్ట్రానిది 50 శాతం వాటా. 2009 నాటికి అక్కడ దారిద్ర్యరేఖకు 133 శాతం దాకా ఆదాయమున్న కుటుంబాల పిల్లలకు మెడికెయిడ్, 133 నుంచి 200 దాకా చిప్ ఉండేవి. నలుగురున్న కుటుంబానికి ఆ ఏడాది దారిద్ర్యరేఖ 22,050 డాలర్లు, కనుక 200 శాతమంటే 44,100, బిల్లు కోరిన 300 శాతమంటే 66,150.

అప్పటి వాతావరణం గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2007లో చిప్‌కు ఐదేళ్లలో 35 బిలియన్ డాలర్లు అదనంగా ఇచ్చే బిల్లును కాంగ్రెస్ ఆమోదిస్తే అధ్యక్షుడు బుష్ అక్టోబర్ 3న వీటో చేశారు. సవరించి పంపిన రెండో బిల్లుకూ డిసెంబర్‌లో అదే గతి పట్టింది. ఉద్యోగం ద్వారా బీమా ఉన్న కుటుంబాలు కూడా దాన్ని వదిలేసి ప్రభుత్వ బీమాలోకి వచ్చేస్తాయన్నది ప్రధాన అభ్యంతరం. ఈ రంగంలో దాన్ని క్రౌడ్ అవుట్ అంటారు. చిప్‌లో కొత్తగా చేరే ప్రతి 100 మంది పిల్లలకు ప్రైవేటు బీమాలో 25 నుంచి 50 మంది తగ్గుతారని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం 2007 మేలో అంచనా వేసింది. అంతకంటే ఎక్కువ చెప్పిన ఆర్థికవేత్తలూ ఉన్నారు. అదే ఏడాది ఆగస్టు 17న, 250 శాతం దాటి విస్తరించాలనుకునే రాష్ట్రాలు ముందుగా 200 శాతం లోపు అర్హులలో 95 శాతం మందిని చేర్చినట్టు చూపాలంటూ ఫెడరల్ అధికారులు రాష్ట్రాలకు లేఖ పంపారు. 2009 ఫిబ్రవరి 4న ఒబామా కొత్త చిప్ చట్టం మీద సంతకం చేయడంతో, ఆ లేఖను కూడా ఉపసంహరించుకోవడంతో దారి తెరుచుకుంది. మా రాష్ట్రంలో బిల్లు ఆ వెంటనే వచ్చింది. ఒకటిన్నర సంవత్సరాలుగా అందరూ క్రౌడ్ అవుట్ గురించే కొట్లాడుకుంటూ ఉండటం వల్ల నేనూ ఆ ప్రశ్నకు జవాబు చెప్పేందుకే కలం పట్టాను.

నేను రాసిన లెక్క

200 నుంచి 300 శాతం మధ్య బీమా లేని పిల్లలు 30,000 మంది అనుకుందాం. వారిలో మూడింట రెండు వంతులు, అంటే 20,000 మంది చేరతారనుకున్నాను. చేరేవారిలో మూడో వంతు ప్రైవేటు బీమా వదిలి వచ్చేవారని, అంటే మరో 10,000 మంది అని లెక్క వేశాను. ఒక్కో పిల్లకు, నెలకింత చొప్పున తీసుకుని వైద్యం చూసుకునే మేనేజ్డ్ కేర్ సంస్థకు చెల్లించేది నెలకు 200 డాలర్లు, సంవత్సరానికి 2,400. మొత్తం 7.2 కోట్ల డాలర్లు.

కుటుంబాల నుంచి నెలకు 30 డాలర్ల ప్రీమియం వసూలు చేయాలని బిల్లులో ఉంది, దానివల్ల వచ్చేది 1.08 కోట్లు. కమిటీలో ఈ అంకె మీద జరిగిన చర్చ గుర్తుంచుకోదగినది. రాష్ట్ర వాటా 35 శాతం లెక్కన 2.52 కోట్లు కాబట్టి, అందులోంచి 1.08 కోట్లు తీసేస్తే 1.44 కోట్లే కదా అని ఒక సభ్యుడు కాగితం మీద కూడిక తీసివేతలు చేసి చూపించారు. చూడటానికి న్యాయంగానే ఉంది. కానీ చట్టం ప్రకారం ప్రీమియాన్ని ముందు మొత్తం ఖర్చులోంచి తీసేసి, మిగిలినదానికే ఫెడరల్ వాటా లెక్కగడతారు. వసూలు చేసే ప్రతి డాలర్‌లో 65 సెంట్లు వాషింగ్టన్‌కు మిగులుతాయి, రాష్ట్రానికి మిగిలేది 35 సెంట్లే. కనుక మిగిలిన ఖర్చు 6.12 కోట్లు, అందులో రాష్ట్ర వాటా 2.14 కోట్లు. ప్రీమియం పెంచి బడ్జెట్ పూడ్చుకుందామనుకునే వారు తరచు మరిచిపోయేది ఇదే: కుటుంబం చేతిలోంచి పోయేది డాలరు, మన గల్లాపెట్టెలో పడేది మూడో వంతు, ప్రీమియం కట్టలేక జాబితాలోంచి తప్పుకునే పిల్లలు అదనం.

నోట్‌లో చివరి అంకె 2.14 కోట్ల డాలర్లు. 200 శాతం లోపు ఉన్న పిల్లల ప్రస్తావన అందులో లేదు. ఇది మరుపు కాదు. మా కార్యాలయంలో ఒక సంప్రదాయం ఉండేది: ఇప్పటికే అర్హులై ఉండి చేరనివారు రేపు చేరితే, ఆ ఖర్చు పాత చట్టానిది, కొత్త బిల్లుది కాదు. వాదనగా అందులో లోపమేమీ లేదు. పాత చట్టం వాళ్లకు హక్కు ఇచ్చింది, వాళ్లు ఎప్పుడు వచ్చినా చెల్లించవలసిందే. నేనూ దాన్ని సమర్థించాను. కాకపోతే ఖజానాకు ఏ చట్టం పేరు మీద డబ్బు పోయిందన్నది పట్టదు, ఎంత పోయిందన్నదే పడుతుంది.

కౌంటర్ దగ్గర

కార్యక్రమం జులై 1న మొదలైంది. శరదృతువులో ఒక కౌంటీ కార్యాలయంలో రెండు రోజులు కూర్చుని దరఖాస్తులు పరిశీలించే అవకాశం దొరికింది. గోదాములో పనిచేసే ఒక తల్లి ఇద్దరు పిల్లలకోసం దరఖాస్తు తెచ్చింది. బస్సు మీద అంటించిన ప్రకటన చూసి వచ్చానని, ఇంతకుముందు ఉద్యోగం ఉన్నవాళ్లకు ఇలాంటివి రావనుకున్నానని చెప్పింది. నెలకు జీతం 2,450 డాలర్లు. ముగ్గురున్న కుటుంబానికి అది దారిద్ర్యరేఖకు దాదాపు 160 శాతం, కాబట్టి పాత చిప్‌లోనే ఆ పిల్లలకు ఎప్పుడో చోటుంది. అయితే కౌంటర్ వెనక ఉన్న ఉద్యోగిని అక్కడ ఆగలేదు. పని ఖర్చుల కింద 90 డాలర్లు తీసేసింది. పిల్లల సంరక్షణకు ఒక్కొక్కరికి 175 చొప్పున 350 తీసేసింది. మిగిలింది 2,010. ఆ ఏడాది ముగ్గురి కుటుంబానికి 133 శాతం గీత నెలకు 2,029. పంతొమ్మిది డాలర్ల తేడాతో పిల్లలిద్దరూ మెడికెయిడ్‌లో పడ్డారు.

ఉద్యోగిని చేసింది తప్పు కాదు, అది ఆమె విధి. చిప్‌కు వచ్చే ప్రతి దరఖాస్తునూ ముందు మెడికెయిడ్ అర్హతకు పరీక్షించాలని, అర్హులైతే అందులోనే చేర్చాలని 1997 చట్టమే నిర్దేశించింది. తక్కువ ఖర్చుతో దొరికే చిప్‌లోకి మెడికెయిడ్ పిల్లలను రాష్ట్రాలు తరలించకుండా పెట్టిన నిబంధన అది. దాని ఫలితం నాకు ఆ కౌంటర్ దగ్గర అర్థమైంది. 300 శాతం వారి కోసం వేసిన ప్రకటన 130 శాతం వారిని తీసుకొచ్చింది, వారిలో ప్రతి ఒక్కరికీ రాష్ట్రం పెట్టవలసింది 35 సెంట్లు కాదు, 50.

మా రంగంలో దీన్ని వుడ్‌వర్క్ ఎఫెక్ట్ అంటారు, ఎక్కడో గోడల సందుల్లో దాగి ఉన్నవి బయటికొచ్చినట్టు. ఆ మాట నాకు నచ్చదు. వాళ్లు దాక్కోలేదు, మనమే పిలవలేదు. 2008లో దేశంలో బీమా లేని పిల్లలు దాదాపు 73 లక్షలని, వారిలో 47 లక్షల మంది అప్పటికే మెడికెయిడ్‌కో చిప్‌కో అర్హులని తర్వాత వెలువడిన ఒక విశ్లేషణ లెక్క తేల్చింది. ముగ్గురిలో దాదాపు ఇద్దరు. అర్హత గీతను పైకి జరిపే బిల్లుకు అంచనా వేస్తూ గీత కింద ఉన్న అంత పెద్ద గుంపును లెక్కలోంచి మినహాయించడం, సంప్రదాయం ఎంత సబబైనదైనా, నేను చేసిన పొరపాటు.

మొదటి సంవత్సరం ఫలితం

సంవత్సరం చివర వచ్చిన అంకెలు, మళ్లీ గుండ్రంగా, ఇలా ఉన్నాయి. కొత్త శ్రేణిలో నేను 30,000 మంది అనుకుంటే సగటున నెలకు 12,000 మందే ఉన్నారు. ప్రీమియం పోగా వారిపై ఖర్చు 2.45 కోట్లు, రాష్ట్ర వాటా 86 లక్షలు. పాత చిప్ శ్రేణిలో 4,000 మంది కొత్తగా చేరారు, రాష్ట్ర వాటా 34 లక్షలు. మెడికెయిడ్‌లో 11,000 మంది చేరారు, వారిపై మొత్తం ఖర్చు 2.64 కోట్లు.

ఈ చివరి అంకెలో రాష్ట్ర వాటా సగం అనుకుంటే 1.32 కోట్లు ఉండాలి. కానీ అది మాంద్యం నాటి ప్రత్యేక సంవత్సరం. 2009 ఫిబ్రవరి 17న వచ్చిన ఆర్థిక ఉద్దీపన చట్టం మెడికెయిడ్ ఫెడరల్ వాటాను తాత్కాలికంగా పెంచింది. నిరుద్యోగం తీవ్రంగా ఉన్న 50 శాతం రాష్ట్రాలకు అది 61.59 శాతానికి చేరింది, మాది అలాంటిదే. చిప్‌కు మాత్రం ఆ పెంపు వర్తించలేదు. కనుక మెడికెయిడ్ పిల్లల మీద రాష్ట్రానికి పడింది 1.01 కోట్లు. మూడూ కలిపితే 2.21 కోట్లు. నా అంచనా 2.14.

ఇంత దగ్గరగా వచ్చాక ఎవరు మాత్రం లోపలికి తొంగి చూస్తారు? ఆర్థిక శాఖ తన నివేదికలో ఒక్క వాక్యంతో సరిపెట్టింది: విస్తరణ వ్యయం అంచనాకు అనుగుణంగా ఉంది. వాస్తవంలో నేను రాసిన పిల్లల్లో సగానికి పైగా రాలేదు, నేను రాయని పిల్లలు 15,000 మంది వచ్చారు, వారి ఖర్చును ఒక తాత్కాలిక ఫెడరల్ సాయం కప్పిపుచ్చింది. ఒక తప్పు మరో తప్పును మోసింది, మూడోది ఆ రెంటిమీదా ముసుగు వేసింది. ఆ సాయం 2011 మొదటి ఆరు నెలల్లో దశలవారీగా తగ్గి జూన్ 30తో పూర్తిగా ఆగిపోవలసి ఉండేది. అప్పటికి కొత్త శ్రేణి కూడా నేననుకున్న 30,000కు చేరితే, ఏటా పడేది 2.14 కోట్లు, 1.32 కోట్లు, 34 లక్షలు కలిపి 3.8 కోట్లు. నోట్‌లో రాసినదానికి ముప్పావు వంతు ఎక్కువ.

ఇక్కడ నా లెక్కకే ఒక ఎదురుప్రశ్న ఉంది. ఆ 11,000 మందీ ప్రకటన చూసి వచ్చినవారేనా, లేక ఉద్యోగాలు పోయి వచ్చినవారా? ఆ అక్టోబర్‌లో దేశంలో నిరుద్యోగం 10 శాతం. విస్తరణ లేకపోయినా మెడికెయిడ్ జాబితా పెరిగేదే. దీన్ని వేరు చేయడానికి నేను రెండు విషయాలు చూశాను. ఒకటి, దరఖాస్తుకు ముందు ఆరు నెలల జీతపు చీటీలు: ఆదాయం పడిపోయి వచ్చినవారిని మాంద్యం ఖాతాలో, ఆదాయం మారకుండా వచ్చినవారిని విస్తరణ ఖాతాలో వేశాను. రెండు, ఏ దరఖాస్తు ఫారం మీద వచ్చారన్నది, ఎందుకంటే కొత్త ప్రచారానికి విడిగా అచ్చు వేసిన ఫారానికి వేరే సంఖ్య ఉండేది. రెండు పద్ధతులూ ఒకే జవాబు ఇవ్వలేదు. అందుకే సవరించిన నోట్‌లో 11,000 అని కాకుండా, కనీసం సగం మంది విస్తరణ వల్ల వచ్చినవారే అని, ఇక్కడ చూపినది దాని పైహద్దు అని రాశాను. ఖచ్చితమైన ఒకే అంకె కావాలని అడిగిన వారికి అది రుచించలేదు.

బోనస్, ఐదో పద్ధతి

సవరించిన నోట్ కోసం 2009 చిప్ చట్టాన్ని మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చదివినప్పుడు, నా మొదటి చదువులో పక్కన పెట్టిన ఒక సెక్షన్ ముందుకొచ్చింది. గీత కింద ఉన్న పిల్లలు రాష్ట్రాలకు ఖరీదని కాంగ్రెస్‌కు ముందే తెలుసు. అందుకే మెడికెయిడ్‌లో పిల్లల నమోదును నిర్ణీత బేస్‌లైన్ దాటించిన రాష్ట్రాలకు 2013 దాకా బోనస్ పెట్టింది. బేస్‌లైన్ పైన మొదటి 10 శాతం దాకా చేరిన ప్రతి పిల్లకూ రాష్ట్రం పెట్టే తలసరి వాటాలో 15 శాతం, ఆపైన చేరినవారికి 62.5 శాతం. మా ఉదాహరణలో తలసరి రాష్ట్ర వాటా 1,200 అనుకుంటే, మొదటి మెట్టులో 180 డాలర్లు, రెండో మెట్టులో 750. మొదటిది చిల్లర, రెండోది నిజంగా సొమ్ము.

దీనికొక షరతు ఉంది. నమోదును సులభం చేసే ఎనిమిది పద్ధతుల్లో కనీసం ఐదు అమల్లో ఉండాలి. ఏడాది పొడవునా తెగని అర్హత, ఆస్తుల పరీక్ష ఎత్తివేత, ముఖాముఖి ఇంటర్వ్యూ రద్దు, రెండు కార్యక్రమాలకూ ఒకే దరఖాస్తు, ఆటోమేటిక్ రెన్యూవల్ వంటివి అవి. మా రాష్ట్రంలో నాలుగు ఉన్నాయి. ఐదోది, చేతికి అందేంత దగ్గర్లో ఉన్నది, ఆటోమేటిక్ రెన్యూవల్. రాష్ట్రం దగ్గర ఉన్న వివరాలతోనే ఫారం నింపి ఇంటికి పంపుతుంది, మార్పేమీ లేకపోతే కుటుంబం ఏమీ చేయనవసరం లేకుండా బీమా కొనసాగుతుంది.

కమిటీలో దీనికి ఎదురైన ప్రతిఘటన, ఎవరూ పైకి అనకపోయినా, ఆర్థికపరమైనదే. రెన్యూవల్ ఫారం తిప్పి పంపని కుటుంబాలు ఏటా వేలల్లో జాబితాలోంచి జారిపోతాయి. వారిలో చాలామంది మూడు నాలుగు నెలల తర్వాత, పిల్లకు జ్వరం వచ్చినప్పుడో బడివాళ్లు టీకా కాగితం అడిగినప్పుడో, తిరిగి దరఖాస్తు పెట్టుకుంటారు. ఆ మధ్య నెలలకు రాష్ట్రం చెల్లించేది ఏమీ ఉండదు. ఖర్చు పిల్లల సంఖ్య మీద కాదు, పిల్లలు జాబితాలో ఉన్న నెలల మీద ఆధారపడుతుంది. నా మొదటి నోట్‌లో 30,000ను 12తో గుణించడం కూడా ఈ కోణంలో తప్పే, ఎందుకంటే ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు చేరినవారు 30,000 ఉంటే సగటున ఏ నెలలోనైనా ఉండేవారు అంతకంటే చాలా తక్కువ. జారుడు ఆపితే నెలలు పెరుగుతాయి, ఖర్చు పెరుగుతుంది. కాగితాలు తిప్పి పంపకపోవడం వల్ల మిగిలే సొమ్మును పొదుపు అని పిలవడానికి నాకు మనస్కరించలేదు, కానీ లెక్కలో దాన్ని దాచనూ లేదు. ఒకవైపు పెరిగే నెలల ఖర్చు, మరోవైపు బోనస్, తిరిగి దరఖాస్తులు పరిశీలించే ఉద్యోగుల సమయంలో కలిసొచ్చేది, మూడూ పక్కపక్కన పెట్టాను. మాంద్యం వల్ల నమోదు బేస్‌లైన్‌ను బాగా దాటే సూచనలుండటంతో తూకం బోనస్ వైపు మొగ్గింది. ఐదో పద్ధతి ఆమోదం పొందింది.

వాషింగ్టన్ లెక్క, రాష్ట్రపు లెక్క

ఇదే కార్యక్రమం ఫెడరల్ పుస్తకాల్లో ఎంత భిన్నంగా కనిపిస్తుందో చెప్పకపోతే కేసు సగమే అవుతుంది. 2017 సెప్టెంబర్ 30తో చిప్ నిధుల గడువు ముగిసి, కాంగ్రెస్ కొన్ని నెలలపాటు తేల్చలేదు. అప్పట్లో ఐదేళ్ల పొడిగింపుకు పదేళ్లలో నికరంగా 8.2 బిలియన్ డాలర్లు అవుతుందని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా వేసింది. డిసెంబర్‌లో పన్ను చట్టం వచ్చి, వ్యక్తులు బీమా తీసుకోకపోతే పడే జరిమానాను రద్దు చేసింది. జనవరిలో అదే కార్యాలయం అదే పొడిగింపుకు నికర వ్యయం 0.8 బిలియన్ అని సవరించింది. పదేళ్లు పొడిగిస్తే ఖర్చు కాదు, 6 బిలియన్ డాలర్లు ఆదా అని మరో లేఖలో చెప్పింది.

పిల్లలు మారలేదు, వైద్యుల ఫీజులు మారలేదు. మారింది చిప్ లేకపోతే ఆ పిల్లలు ఎక్కడ ఉంటారన్న ప్రశ్నకు జవాబు. కొందరు మార్కెట్‌ప్లేస్ అనే, ప్రభుత్వం నడిపే బీమా సంతలో ఫెడరల్ సబ్సిడీతో కొనే బీమాలోకి పోతారు, కొందరు మెడికెయిడ్‌లోకి, కొందరు పన్ను మినహాయింపు ఉన్న ఉద్యోగ బీమాలోకి. జరిమానా పోవడంతో మార్కెట్‌ప్లేస్ ప్రీమియంలు పెరుగుతాయని, వాటితోపాటు సబ్సిడీలూ పెరుగుతాయని అంచనా. ప్రత్యామ్నాయం ఖరీదెక్కేకొద్దీ చిప్ నికర వ్యయం తగ్గుతూ వచ్చి సున్నా దాటి అవతలికి పోయింది. నికర వ్యయం అన్న మాటలో నికరం అన్నది దేనితో పోల్చి అన్నది చెప్పకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

రాష్ట్రానికి ఈ ఆదా రాదు. మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ పూర్తిగా ఫెడరల్ సొమ్ము, అది మిగిలినా పోయినా రాష్ట్ర ఖజానాకు సంబంధం లేదు. క్రౌడ్ అవుట్ విషయంలోనూ ఇదే అసమానత ఉంది. ఉద్యోగ బీమా వదిలిన కుటుంబానికి యజమాని ఆ సొమ్మును జీతంగా ఇస్తే దాని మీద ఫెడరల్ పన్ను వస్తుంది, రాష్ట్రానికి వచ్చేది అందులో చిన్న ముక్క. దీర్ఘకాలిక లాభమూ అంతే. బాల్యంలో మెడికెయిడ్ అర్హత విస్తరణల వల్ల పెట్టిన ప్రతి డాలర్‌లో 58 సెంట్లను ఫెడరల్ ప్రభుత్వం, ఆ పిల్లలకు 19 నుంచి 28 ఏళ్ల వయసు మధ్యే, పెరిగిన పన్నుల రూపంలోనూ తగ్గిన ఆదాయ సాయం రూపంలోనూ తిరిగి పొందిందని పన్ను రికార్డుల ఆధారంగా జరిగిన ఒక అధ్యయనం 2020లో ప్రచురితమైంది. ఈ ఫలితాన్ని నేను విలువైనదిగా చూస్తాను. కానీ ఆ 58 సెంట్లు ఫెడరల్ ఖజానాకు చేరినవి. మా నోట్ చూసే కాలం రెండు బడ్జెట్ సంవత్సరాలు. ఏడేళ్ల పిల్ల పన్ను కట్టే వయసుకు వచ్చేలోపు ఆ నోట్‌ను చదివిన శాసనసభ్యులు ఎన్నిసార్లు మారతారో చెప్పనక్కర లేదు.

తర్వాత జరిగినది

సవరించిన నోట్ చదివాక, 2011లో లోటు కనబడుతుండగా, కొత్త శ్రేణిలో నమోదును నిలిపివేయవచ్చా అని కమిటీ అడిగింది. మెడికెయిడ్‌లా కాకుండా, దానితో కలపకుండా విడిగా నడిపే చిప్ కార్యక్రమంలో నమోదు ఆపడం మామూలుగా సాధ్యమే. అరిజోనా 2010 మొదట్లోనే ఆ పని చేసింది, ఆ తలుపు మళ్లీ పూర్తిగా తెరుచుకున్నది 2016లోనే. అయితే 2010 మార్చిలో వచ్చిన ఆరోగ్య సంస్కరణ చట్టం, పిల్లల అర్హతను ఉన్నచోటి నుంచి తగ్గించరాదని 2019 సెప్టెంబర్ దాకా రాష్ట్రాలను కట్టిపడేసింది. మేము విస్తరించినప్పుడు వెనక్కి తీసుకోగల నిర్ణయంగా ఉన్నది, ఏడాది తిరగకముందే వెనక్కి తీసుకోలేనిదైంది. ఈ సంభావ్యతకు మొదటి నోట్‌లో ఒక వాక్యం కూడా లేదు, ఉండి ఉండాల్సింది.

లోటును రెండేళ్లపాటు ఇతర పద్దుల్లోంచి సర్దారు. ఆపైన 2015 అక్టోబర్ నుంచి అదే సంస్కరణ చట్టం ప్రకారం చిప్ ఫెడరల్ వాటా 23 శాతం పాయింట్లు పెరిగి మా రాష్ట్రానికి 65 నుంచి 88కి చేరింది. డాలర్‌కు 35 సెంట్లు పెడుతున్నవాళ్లం 12 సెంట్లకు వచ్చాం. 2018లో మరో శాఖ వాళ్లు మా దగ్గరికి వచ్చి, చిప్ పద్దులో మిగిలిన సొమ్మును శాశ్వత ఖర్చులకు వాడుకోవచ్చా అని అడిగారు. నేను వారికి పంపిన సమాధానంలో రెండు తేదీలు మాత్రమే ఉన్నాయి: 2019 అక్టోబర్‌లో ఆ పెంపు సగమవుతుంది, 2020 అక్టోబర్‌లో పూర్తిగా పోయి వాటా మళ్లీ 35 సెంట్లవుతుంది. ఆ తర్వాత మా కార్యాలయం రాసే ప్రతి ఆరోగ్య బీమా నోట్‌లోనూ మొత్తం అంకెకు ముందు ఒక పట్టిక ఉండేది. పిల్లలు ఏ శ్రేణి నుంచి వస్తారు, ఒక్కో శ్రేణికి ఇప్పటి ఫెడరల్ వాటా ఎంత, ఆ వాటా చట్టప్రకారం ఏ తేదీన మారుతుంది. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ నోట్‌ను పైకి పంపేవారు కాదు.